శకునం కోళ్ళకు నీళ్ళు

తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదని బెంగపడ్డ ముసలమ్మను తలుచుకుని మనవాళ్ళు ఇప్పటికీ నవ్వుకుంటారు. పాపం, ఆవిడ పుట్టాల్సిన చోట పుట్టలేదు. రోము నగరంలో పుట్టి ఉంటే ఆ కోడికో శాఖ, ఆ శాఖకో అధికారి, ఆ అధికారికిద్దరు గుమాస్తాలు ఉండేవారు. ఎందుకంటే ఆ కాలంలో రోములో కోడి సరేననకపోతే యుద్ధం మొదలయ్యేది కాదు.

పందెం పుంజుల విషయంలో మనకూ ఒక శాస్త్రం ఉంది. ఏ రంగు పుంజు ఏ వారం ఏ దిక్కున గెలుస్తుందో అందులో రాసి ఉంటుంది. రోమన్లకు అంత తీరిక లేదు. యుద్ధం నాడు పొద్దున్నే కోళ్ళ గూడు తలుపు తీసి గింజలు చల్లేవారు. కోళ్ళు ఎగబడి తిని, ఆ ఆత్రంలో ముక్కులోంచి ఒక్క గింజైనా నేలన పడితే దేవతలు ఔనన్నట్టు. ముట్టకపోతే కాదన్నట్టు. కాదన్నాక ఎంతటి సేనానైనా కత్తి ఒరలో పెట్టుకుని గుడారంలోకి పోవలసిందే.

ఆ కోళ్ళను సాకే ఉద్యోగి పేరు కాల్వియస్. నలభై అయిదేళ్ళవాడు, పొట్టివాడు, పల్లెలో పుట్టినవాడు. కోడి కూత విని దాని జబ్బేమిటో చెప్పగలడు. అయితే కొలువులో చేరిన పద్దెనిమిదేళ్ళలో ఆయన్ను ఆ సంగతి అడిగినవాళ్ళు లేరు. అడగవలసిన అవసరమూ లేదు. కోళ్ళ గురించి పదిహేడు నిబంధనలు ఉన్నాయి. కోళ్ళకు ఏం కావాలో అవే చెబుతాయి.

ఈసారి దండయాత్ర కొండల్లో గొర్రెలు కాచుకునే సామ్నైట్ల మీద. బయలుదేరే రోజున కాల్వియస్ పెళ్ళాం వీబియా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మా తమ్ముణ్ణి మొదటి వరసలో వేశారట, నిజమేనా?"

"నిజమే. ఆజానుబాహుడు కదా, ముందుంటే బాగుంటుందని వేశారు."

"బాగుండేదేమిటి, బల్లెం గుచ్చుకోవడానికా? ఇదిగో, చెబుతున్నా వినండి. మీరు వెళ్ళేది ఇద్దరు, రావలసింది ఇద్దరు. వాడు లేకుండా మీరొక్కరూ వచ్చారో, ఈ గుమ్మం తొక్కనివ్వను."

వీబియా అన్న మాట తప్పే మనిషి కాదు. ఇరవై వేల మంది సైన్యంలో ఎవరి భయం వాళ్ళకు ఉంటుంది. కాల్వియస్‌కు మాత్రం సామ్నైట్లంటే భయం లేదు.

సరిహద్దు దాటాక సేనానికి ఒక దగ్గర దారి తోచింది. రెండు కొండల మధ్య సన్నటి సందు, దాని తర్వాత పచ్చిక మైదానం, మైదానం మధ్యలో చిన్న వాగు, ఆ చివర మళ్ళీ ఒక సందు. దగ్గర దారి అన్న మాట నిజమే కానీ, ఎక్కడికన్నది సేనాని చెప్పలేదు. రెండు రోజుల ఎండలో, దుమ్ములో నడిచి సైన్యం మైదానంలో దిగేసరికి ఆ చివరి సందు దగ్గర ఓ నలభై మంది సామ్నైట్లు దుంగలు అడ్డం పడేస్తూ కనిపించారు. వచ్చిన దారి వంక చూస్తే అక్కడా ఓ పాతిక మంది రాళ్ళు పేరుస్తున్నారు.

"నలభై మంది! నా వరస ఒక్కటి చాలు బావా," అన్నాడు రూఫస్. వీబియా తమ్ముడు అతనే. మనిషి తాటిచెట్టంత ఉంటాడు, గొంతు కూడా అంతే. "పొద్దున్నే నీ కోళ్ళకి నాలుగు గింజలు చల్లేయ్. మధ్యాహ్నం భోజనానికి అవతల ఉంటాం."

తెల్లవారింది. శకునాధికారి మెటిలియస్ తెల్లటి బట్టలు కట్టుకుని వచ్చాడు. ఆయన మాట్లాడితే శిలాశాసనం చదువుతున్నట్టు ఉండేది. కాల్వియస్ గూడు తలుపు తీసి గోధుమలు చల్లాడు. ఏడు కోళ్ళూ బయటికి వచ్చాయి. గింజల వంక ఒకసారి, కాల్వియస్ వంక ఒకసారి చూశాయి. వెనక్కి తిరిగి గూట్లోకి పోయాయి.

"కుక్కుట సప్తకము ధాన్యమును తిరస్కరించినట్లు నమోదు చేయవలెను. నేడు యుద్ధము లేదు," అన్నాడు మెటిలియస్.

కాల్వియస్‌కు కారణం చూడగానే తెలిసిపోయింది. నోళ్ళు తెరిచి, రెక్కలు ఎడం చేసి నిలబడ్డ కోళ్ళకు ఏం కావాలో పల్లెలో పాకే పిల్లకు కూడా తెలుసు. సరిహద్దు దాటినప్పటి నుంచి వాటి గొంతులో చుక్క నీరు పడలేదు. పదకొండో నిబంధన అలా ఉంది మరి. పూర్వం ఎవడో ప్రబుద్ధుడు గింజల్ని నీళ్ళలో నానబెట్టి, అవి ముక్కులోంచి జారిపడేలా చేసి, సేనానికి కావలసిన శకునం తెప్పించాడట. అప్పటినుంచి సరిహద్దు దాటిన క్షణం మొదలు శకునం పూర్తయ్యేదాకా శకున కుక్కుటములకు జలస్పర్శ నిషిద్ధము. మామూలుగా శత్రువు ఒక పూట నడక దూరంలో ఉండేవాడు కాబట్టి ఇన్నాళ్ళూ ఇబ్బంది రాలేదు. రెండు రోజుల నడక వస్తుందని నిబంధన రాసినవాడికి తోచలేదు.

కాల్వియస్ చేతులు కట్టుకుని మెటిలియస్ గుడారం ముందు నిలబడ్డాడు.

"అయ్యా, ఒక్క చిప్పెడు నీళ్ళు పెట్టనివ్వండి. రెండు గుక్కలు తాగాయంటే గింజ వదలవు. పద్దెనిమిదేళ్ళుగా చూస్తున్నాను వాటిని."

"శకునము పూర్తయిన పిమ్మట నీరొసంగుటకు అభ్యంతరము లేదు."

"నీళ్ళు పెడితే గాని శకునం పూర్తవదండీ."

"శకునము పూర్తికానిదే నీరొసంగరాదు."

"అదేనండీ నేను చెబుతున్నది కూడా!"

"మరి ఏకాభిప్రాయమే గదా. ఇంకేమి?" అన్నాడు మెటిలియస్. కాల్వియస్ ఇంకా కదలకపోవడం చూసి కొంచెం మెత్తబడ్డాడు. "నిబంధన సడలింపు కోరుచు అర్జీ పెట్టుకొనుము. నా సిఫారసుతో రాజధానికి పంపెదను. పోవుటకు పదకొండు దినములు, వచ్చుటకు పదకొండు దినములు. మధ్యలో పరిశీలన."

ఆ మైదానం చుట్టూ శత్రువు ఉన్నాడనీ, అర్జీ పట్టుకుపోయే మనిషి కూడా ఆ సందులోంచే పోవాలనీ కాల్వియస్ మనవి చేశాడు. ఆ సంగతి రవాణా శాఖ చూసుకుంటుందన్నాడు మెటిలియస్. సరే, అర్జీ రాయించుకున్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి కూడా ఇచ్చేవాడేనేమో, ఆయనకు పైన ఇంకో పూజారి ఉన్నాడు.

రెండో రోజుకు దుంగల మీద రాళ్ళు లేచాయి. గోడ నడుం ఎత్తుకు వచ్చింది. సామ్నైట్లు నలభై మంది కాస్తా నాలుగొందలయ్యారు. కోళ్ళు మళ్ళీ తినలేదు. సేనానికి ఈసారి నిజంగానే చెమట పట్టింది.

"పోనీ, యుద్ధం వద్దు. వెనక్కి పోదాం. అటు గోడ ఇంకా మోకాలి ఎత్తే ఉంది," అన్నాడు.

"ఆరవ నిబంధన. పురోగమనమునకు గాని, తిరోగమనమునకు గాని, శకునము తప్పనిసరి," అన్నాడు మెటిలియస్.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెండింటికీ కోడి కాపలా. అప్పుడు సేనాని, సేనానులు ఏం చేస్తారో అదే చేశాడు. ముగ్గురు సభ్యులతో సంఘం వేశాడు. అధ్యక్షుడు మెటిలియస్. కోళ్ళు ఎందుకు తినడం లేదో నీళ్ళ ప్రసక్తి రాకుండా తేల్చమని ఆదేశం.

సంఘం చాలా కష్టపడింది, కాదనకూడదు. మొదట గూడును తూర్పు ముఖంగా తిప్పించింది. తర్వాత ఉత్తరానికి తిప్పించింది. సైనికుల దిగులు ముఖాలు చూసి కోళ్ళు కలత చెందుతున్నాయేమోనని, గూటికి యాభై అడుగుల లోపల ఉన్నవాళ్ళంతా చిరునవ్వుతో ఉండాలని ఉత్తర్వు ఇచ్చింది. బూరలు ఊదించింది. ఆఖరికి మూడో సభ్యుడికి ఒక మహత్తరమైన ఆలోచన వచ్చింది. ఇతరులు తింటుంటే చూస్తే కోళ్ళకూ తినాలని పుట్టవచ్చు. కాబట్టి గూటి ముందు సైనికుల చేత ఆదర్శ భోజనం చేయించాలి.

చిక్కేమిటంటే సైన్యం దగ్గర తిండి అడుగంటింది. దగ్గర దారి కదా అని మూడు రోజులకే తెచ్చుకున్నారు. మిగిలిందల్లా కోళ్ళ గోధుమలే. రెండు బస్తాలున్నాయి గానీ అవి దేవతల సొత్తు, మనుషులు ముట్టరాదు. అందువల్ల ఇరవై మంది సైనికుల్ని బారుగా కూర్చోబెట్టి, చేతికి ఖాళీ గిన్నెలిచ్చి, ఆత్రంగా తింటున్నట్టు నటించమన్నారు. మొదటివాడు రూఫస్.

"ఇంకొంచెం ఆత్రముగా," అన్నాడు మెటిలియస్.

"ఇంతకన్నా ఆత్రంగా తినాలంటే గిన్నెలో ఏదైనా పడాలండీ," అన్నాడు రూఫస్, ఖాళీ చేయి నోట్లో పెట్టుకుని.

"నేలన ఒకింత పడవలెను. పతిత ధాన్యము ముఖ్యము."

రూఫస్ లేని మెతుకును దులిపి నేలన పడేశాడు. కోళ్ళు అతని వంక జాలిగా చూశాయి. గోడ మీద కూర్చున్న సామ్నైట్లు రాళ్ళు పేర్చడం మానేసి చప్పట్లు కొట్టారు. కాల్వియస్ తల పక్కకు తిప్పుకున్నాడు. బావమరిది ఆకలితో గాలి నములుతుంటే చూడలేకపోయాడు. ఆ మధ్యాహ్నమే ఆయన పదకొండో నిబంధనను తప్పాలని నిశ్చయించుకున్నాడు.

వాగు పది అంగల దూరంలోనే పారుతోంది. సైనికులు తాగుతున్నారు, గుర్రాలు తాగుతున్నాయి, మెటిలియస్ రోజుకు రెండుసార్లు కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఆ మైదానంలో నీళ్ళు దొరకని ప్రాణులు ఏడే. కాల్వియస్ పై గుడ్డ అంచు వాగులో తడిపి, గూటి దగ్గరికి వచ్చి, మసక ఈకల పెద్ద పెట్ట ముక్కు మీద పిండబోయాడు. అది మెడ సాచి నోరు తెరిచింది. చుక్క పడబోతుండగా గుమాస్తా కేక వేశాడు.

సాయంత్రానికల్లా అభియోగ పత్రం వచ్చింది. 'మీరు ఉద్దేశపూర్వకముగా శకున కల్తీకి ప్రయత్నించినట్లు దృష్టికి వచ్చినది. మీపై క్రమశిక్షణ చర్య ఏల తీసుకొనరాదో ఏడు దినములలోగా తెలియజేయవలెను.' నీళ్ళ బారినుంచి కోళ్ళను కాపాడడానికి నలుగురు ఆయుధపాణుల్ని కాపలా పెట్టారు. శత్రువు గోడ వైపు రోము కాపలావాళ్ళు అప్పటికి ఇద్దరే ఉన్నారు.

"ఎందుకొచ్చిన తంటా బావా! తిన్నాయని ఒక్క అబద్ధం చెప్పెయ్యి," అన్నాడు రూఫస్ వచ్చి, గుసగుసగా. అతని గుసగుస నలుగురు కాపలావాళ్ళకూ వినిపించింది.

"చూసేవాడు మెటిలియస్. రాసేవాడు గుమాస్తా. నేను గింజలు చల్లేవాణ్ణి మాత్రమేరా. నాకు అబద్ధం చెప్పే అధికారం కూడా లేదు."

రూఫస్ నవ్వబోయి ఊరుకున్నాడు. "అక్క ఏమంది నీతో, బయలుదేరేటప్పుడు?"

"నువ్వు లేకుండా రావద్దంది."

"నాతోనూ అదే అంది. నువ్వు లేకుండా రావద్దని." రూఫస్ గోడ వంక చూశాడు. గొంతు మొదటిసారి చిన్నదైంది. "ఈ లెక్కన ఇద్దరం కలిసే ఉండిపోయేట్టున్నాం."

మూడో రోజు పొద్దున గోడ తలకన్నా ఎత్తయింది. కొండల మీద ఎక్కడ చూసినా సామ్నైట్లే. కోళ్ళు లేచి నిలబడలేకపోయాయి. పక్కకు ఒరిగి, నోళ్ళు తెరిచి రొప్పుతున్నాయి. 'నోళ్ళు తెరిచి ఉంచుటచేత తినవలెనను ఉద్దేశము కలదని భావించదగును' అని మెటిలియస్ రాయించాడు. ఉద్దేశం ఉన్నా తినలేదు కాబట్టి యుద్ధం లేదు. ఇక యుద్ధం చేసే ఓపిక ఉన్నవాళ్ళూ లేరు.

సేనాని గుడారంలో ఒకటే ప్రశ్న మిగిలింది. లొంగిపోవడానికి శకునం కావాలా? పదిహేడు నిబంధనలూ మొదటినుంచి చివరిదాకా చదివారు. యుద్ధానికి కావాలి, ముందుకు పోవడానికి కావాలి, వెనక్కి పోవడానికి కావాలి, విడిది మార్చడానికి కావాలి. లొంగుబాటు మాట ఎక్కడా లేదు. రోము సైన్యం లొంగుతుందని నిబంధనలు రాసినవాళ్ళకు కలలో కూడా తోచలేదు.

"అభ్యంతరము కనబడదు," అన్నాడు మెటిలియస్. మూడు రోజుల్లో ఆయన నోటినుంచి వచ్చిన మొదటి అనుమతి అది. గుడారంలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

సామ్నైట్ల షరతులు మరీ కఠినం కాదు. ఆయుధాలూ పైబట్టలూ వదిలెయ్యాలి. ఇంకెప్పుడూ తమ కొండల మీదికి రామని మాటివ్వాలి. తర్వాత కాడి కింద నడిచి ఇంటికి పోవచ్చు. కాడి అంటే మన ఎద్దు మెడ మీద పెట్టేదే. రెండు బల్లేలు నేలలో పాతి, మూడోది నడుమెత్తున అడ్డంగా కట్టారు. దాని కిందినుంచి సేనాని మొదలు వంటవాడి దాకా నడుం వంచి పోవాలి. ఒంటిమీద చొక్కా తప్ప ఏమీ లేని ఇరవై వేల మంది ఒకరి వెనక ఒకరు వంగుతూ పోయారు. రూఫస్ అందరికన్నా ఎత్తు కాబట్టి అందరికన్నా ఎక్కువ వంగవలసి వచ్చింది. తలెత్తినప్పుడు అతని ముఖం కందగడ్డలా ఉంది. కాల్వియస్‌కు సిగ్గేసింది. ఆ వెంటనే, వాడు బతికి ఉన్నాడు కదా అని సంతోషం వేసింది. సంతోషించినందుకు మళ్ళీ సిగ్గేసింది.

తన వంతు వచ్చేసరికి ఆయన నెత్తిమీద కోళ్ళ గూడు ఉంది. వంగితే అది కాడికి తగులుతుంది. దించి కింద పెట్టాడు. కాడి పక్కనే గొర్రెతోలు కప్పుకుని ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. పేరు స్టేనియస్, ఆ కొండల వాళ్ళకు పెద్ద. ఆయన గూట్లోకి తొంగి చూసి లేచి నిలబడ్డాడు.

"ఏటయ్యా ఇది! ఈటికి నీల్లెట్టలేదేటి?"

"లేదు పెద్దాయనా. నిబంధన ఒప్పుకోదు."

"నిబందనేటి, కోడికి! గొంతెండిపోతే గింజెలా దిగుతాది? మా ఇంట్లో ముసిల్ది సూసిందంటే నిన్ను సీపురుకట్టట్టుకు తరుముతాది." ఆయన నడుముకున్న సొరకాయ బుర్ర తీసి చిప్పలో నీళ్ళు పోశాడు. ఏడు తలలూ ఒక్కసారి వంగాయి. అవి కడుపారా తాగాక, తన సంచిలోంచి పిడికెడు యవలు తీసి చల్లాడు. కోళ్ళు ఒకదాన్నొకటి తోసుకుంటూ, తొక్కుకుంటూ తిన్నాయి. ముక్కులోంచి గింజలు రాలి నేలంతా పరుచుకున్నాయి.

సరిగ్గా అప్పుడే మెటిలియస్ చొక్కాతో, నడుం వంచి, కాడి కింద ఉన్నాడు. అలా వంగే ఈ దృశ్యం చూశాడు.

"పతిత ధాన్యము! అత్యుత్తమ శకునము! నమోదు చేయుము!" అని అరిచాడు.

"పలకలు వాళ్ళు లాక్కున్నారండీ," అన్నాడు వెనక వంగున్న గుమాస్తా.

"అట్లైన జ్ఞాపకముంచుకొనుము."

"తిన్నాయా బావా?" అని అవతలినుంచి రూఫస్ అడిగాడు.

"తిన్నాయిరా."

"ఇప్పుడా!" అన్నాడు రూఫస్. మూడు రోజుల తర్వాత అతను నవ్వడం అదే మొదలు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియనంతగా నవ్వాడు.

ఇద్దరూ కలిసి ఇల్లు చేరారు. వీబియా ఇద్దర్నీ తడిమి చూసుకుని, లెక్క సరిపోయిందన్నాక గానీ గుమ్మంలోంచి తప్పుకోలేదు. కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ ఓడిపోయిన చోట విచారణ జరగకపోతే అది రాజ్యమే కాదు.

నగరంలో పెద్దల సభ నెల రోజులు కూర్చుంది. సైన్యం కొండ సందులోకి ఎందుకు పోయిందన్న ప్రశ్న ఎవరికీ తట్టలేదు. కోళ్ళు నీళ్ళు తాగి తిన్నాయన్న సంగతి మాత్రం బయటపడింది. ఇక అక్కడినుంచి బండి సాఫీగా నడిచింది. నీళ్ళు తాగాయి కాబట్టి శకునం కల్తీ. శకునం కల్తీ కాబట్టి ఆ క్షణాన జరిగిన లొంగుబాటు చెల్లదు. లొంగుబాటు చెల్లదు కాబట్టి ఇచ్చిన మాటా చెల్లదు. మాట చెల్లదు కాబట్టి యుద్ధం మళ్ళీ మొదలుపెట్టవచ్చు. లొంగడానికి శకునమే అక్కర్లేదని తేల్చింది తానేనన్నది మెటిలియస్‌కు గుర్తు లేదు. గుమాస్తాను జ్ఞాపకం ఉంచుకోమన్నది వేరే విషయం.

మరి చెల్లని మాట ఇప్పించిన దోషి ఒకడుండాలి. వాణ్ణి కట్టి శత్రువుకు అప్పగిస్తే రోము ధర్మం నిలబడుతుంది. కాల్వియస్‌ను పిలిపించారు.

"అయ్యా, నీళ్ళు పెట్టింది నేను కాదండీ. ఆ ముసలాయన."

"నీరొసంగవలెనను అర్జీ ఎవరిది?" అన్నాడు మెటిలియస్. ఇప్పుడు ఆయన విచారణాధికారి.

"నాదేనండీ."

"వస్త్రాంచలము తడిపి పట్టుబడినది ఎవరు?"

"నేనేనండీ."

"ఆలోచన నీది. అది శత్రువు చేత అమలైనది. ఇంకను సందేహమేల?"

కొత్త సైన్యం సిద్ధమైంది. కాడి కింద నడిచిన అనుభవం ఉన్నందున రూఫస్‌ను మళ్ళీ మొదటి వరసలోనే వేశారు. ఈసారి వీబియా గుమ్మానికి అడ్డం నిలబడలేదు. మొగుడు చేతులు కట్టించుకుని శత్రువు దగ్గరికి, తమ్ముడు బల్లెం పట్టుకుని శత్రువు మీదికి. ఏమని బెదిరించాలో ఆవిడకు తోచలేదు. లోపలికి పోయి తలుపు మూసుకుని ఏడ్చింది.

ఈసారి దగ్గర దారుల జోలికి పోకుండా సైన్యం సరిహద్దులోనే దిగింది. కాల్వియస్‌నూ, కల్తీ అయిన కోళ్ళనూ తీసుకుని మెటిలియస్ సామ్నైట్ల గుడిసెల దాకా వెళ్ళాడు. "రోము ప్రజల అనుమతి లేక వాగ్దానము చేయించిన ఈ పురుషుని, సప్త కుక్కుట సమేతముగా, మీకు సమర్పించుచున్నాము. దీనితో మా ఋణము తీరినది," అని చదివాడు.

స్టేనియస్ పొయ్యి దగ్గరినుంచి లేచి వచ్చాడు. కాల్వియస్‌నూ, తాడునూ, గూడునూ చూశాడు.

"ఈ మడిసిని మేమేటి సేసుకుంటాం? మాటిచ్చింది మీరందరూ కదా. మాటొద్దంటే మీ ఇరవై ఏల మందీ మల్లీ ఆ సందులోకొచ్చి కూకోండి. అప్పుడు ఎవులికాల్లకి సరిపోద్ది."

ఈ జవాబు నమూనాలో లేదు. మెటిలియస్ తాను సమర్పించినట్టు నమోదు చేసుకుని వెళ్ళిపోయాడు. స్టేనియస్ కొడవలి తెచ్చి తాడు తెంపేశాడు. ముసలమ్మ కాల్వియస్‌కు జున్నూ, రొట్టే పెట్టింది. నిజంగానే చీపురుకట్ట చేతిలో పట్టుకుని కోళ్ళను చూసుకుంది. తెల్లవారి ఆయన వెనక్కి బయలుదేరబోతుంటే, "మీ ఊరోల్లని నమ్మలేం, మల్లీ ఎన్నాల్లు మాడిసేస్తారో," అని ఒక గంపెడు యవలు, దాకెడు నీళ్ళు వాటి ముందు పెట్టింది. కోళ్ళు మెడలు బిగుసుకునేదాకా తిన్నాయి.

కాల్వియస్ విడిదికి వచ్చేసరికి సైన్యం బారులు తీరి ఉంది. మొదటి వరసలో రూఫస్ తల అందరికన్నా పైకి కనబడుతోంది. బావను చూసి అతను చేయెత్తబోయి, ఏదో తప్పని తోచి దించేశాడు. సేనాని తొందరలో ఉన్నాడు. సామ్నైట్లు అప్పగింతను నిరాకరించారు, అది అవమానం, ఈ పూటే యుద్ధం. మరి కోళ్ళేవి? కల్తీ కోళ్ళ బదులు కొత్త కోళ్ళను కొనే ప్రతిపాదన ఇంకా మంజూరు కాలేదు. కాబట్టి అవే కోళ్ళు. వాటిని సాకేవాడు కావాలి. కాబట్టి అదే కాల్వియస్.

ఆయన గూడు తలుపు తీసి గింజలు చల్లాడు. బావమరిది బల్లెం సవరించుకోవడం కనిపించింది. తినొద్దే తల్లీ అనుకున్నాడు. పద్దెనిమిదేళ్ళలో ఎన్నడూ అలా కోరుకోలేదు.

మసక ఈకల పెట్ట బయటికి వచ్చింది. గింజల్ని చూసింది. బద్ధకంగా ఒక రెక్క చాపి, దాని కిందే కాలు చాపి, తీరిగ్గా కూర్చుని కళ్ళు మూసుకుంది. మిగతా ఆరూ దాని పక్కనే చేరాయి.

సేనాని పళ్ళు కొరికాడు. "కారణమేమి?" అన్నాడు మెటిలియస్. "ఈసారి దాహము కూడ లేదే!"

కాల్వియస్ నోరు తెరిచాడు. కడుపు నిండిన కోడి గింజ ముట్టదని చెప్పబోయాడు. అంతలో పదిహేడు నిబంధనలూ ఆయన కళ్ళ ముందు తిరిగాయి. కోళ్ళ చేత దొంగతనంగా తినిపించకూడదని వాటిలో పదకొండు రకాలుగా చెప్పారు. తినకుండా చేయకూడదని ఎక్కడా లేదు. శకునం చెడాలని కోరుకునే రోమన్ ఒకడుంటాడని రాసినవాళ్ళకు తోచలేదు.

"కారణము తెలుపుటకు కింది ఉద్యోగికి అధికారము లేదండీ," అన్నాడు కాల్వియస్. "తినలేదని మాత్రమే మనవి చేయగలవాడను."

మెటిలియస్ ఆయన వంక మొదటిసారి గౌరవంగా చూశాడు. ఇన్నేళ్ళకు ఈ మనిషికి కొలువు మాట అబ్బింది అనుకున్నాడు.

ఆ ఏడు యుద్ధం లేదు. మరుసటి వసంతంలోనూ, ఆ మరుసటి వసంతంలోనూ లేదు. సైన్యం వెళ్ళడం, బారులు తీరడం, కోళ్ళు కళ్ళు మూసుకోవడం, సైన్యం తిరిగి రావడం. సామ్నైట్లు తమంతట తాము దిగి రాలేదు. వాళ్ళకు గొర్రెలున్నాయి, ఉన్ని కత్తిరించే పనులున్నాయి. కాల్వియస్ మీద ఉన్న అభియోగాలను, నిబంధనల పట్ల ఆయన చూపుతున్న నిష్ఠ దృష్ట్యా, కొట్టేశారు. జలనిషేధాన్ని ఆయనంత కచ్చితంగా పాటించేవాడు మరొకడు లేడని మెటిలియస్ స్వయంగా రాసిచ్చాడు. నిజమే, సరిహద్దు దాటాక ఆయన కోళ్ళకు చుక్క నీరు పోయనివ్వడు. దాటే ముందు మాత్రం చెరువు చూపిస్తాడు. విడిది ఇప్పుడు సరిహద్దు పక్కనే కాబట్టి వాటికి మళ్ళీ దాహం వేసేలోపే ఇంటిదారి పడతారు.

"ఏం పెడుతున్నావు బావా వాటికి?" అని రూఫస్ ఓసారి అడిగాడు. అతనికి ఈ మధ్యనే పెళ్ళయింది, కాస్త పొట్ట కూడా వచ్చింది.

"మీ అక్క పంపిన యవలు రా," అన్నాడు కాల్వియస్.

అయితే మెటిలియస్ మరీ తెలివితక్కువవాడు కాడు. మూడో ఏడు ఆయనకు ఒక అనుమానం తగిలింది. శకునానికి ముందు రోజు కోళ్ళకు ఉపవాసం ఉండాలని పద్దెనిమిదో నిబంధన ఒకటి చేర్చాలంటూ పెద్దల సభకు ప్రతిపాదన పంపాడు. ఆ దస్త్రం మీద ఒక సభ్యుడు ఉపవాసమంటే ఒక పూటా రెండు పూటలా అని ప్రశ్న వేశాడు. దానికి వివరణ కోరారు. వివరణకు నమూనా కోరారు. నమూనా తయారీకి సంఘం వేశారు. ప్రస్తుతం పరిశీలనలో ఉంది.

లోకంలో ఎవరైనా తమ దస్త్రం కదలాలని మొక్కుకుంటారు. రోము నగరంలో వీబియా ఒక్కతే, రోజూ పొద్దున్నే దీపం పెట్టి, అది ఉన్నచోటనే ఉండాలని దణ్ణం పెట్టుకుంటుంది.